గోదావరీ తీరపు జిజ్ఞాసువులు: బావరి, ఆయన పదహారుగురు శిష్యులు

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయంలో నారదమహర్షి సనత్కుమారుని సన్నిధికి వచ్చి, తాను అంతవరకు అధ్యయనం చేసిన విద్యలన్నిటినీ వరుసగా పేర్కొంటాడు. వేదాలు, ఇతిహాసపురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య మొదలైనవన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. ఇన్ని తెలిసినప్పటికీ తాను మంత్రవేత్తనే గాని ఆత్మవేత్తను కానని, అందుచేతనే శోకిస్తున్నానని విన్నవించుకుంటాడు. అదే ఉపనిషత్తు షష్ఠాధ్యాయంలో శ్వేతకేతువు పన్నెండేండ్లు గురుకులవాసం చేసి, ఇరువదినాలుగవ ఏట విద్యాగర్వంతో ఇంటికి తిరిగివస్తాడు. తండ్రి ఉద్దాలకుడు అడిగిన ఒక్క ప్రశ్నకు బదులు చెప్పలేకపోతాడు. ఈ ఇద్దరి విషయంలోనూ తత్త్వవిచారం అక్షరాభ్యాసంతో ఆరంభం కాలేదు. చదువు ముగిసిన పిమ్మట, ఆ చదువుకు అందని ప్రశ్న ఒకటి ఎదురైన క్షణంలో ఆరంభమైంది.

అటువంటి క్షణమే ఒకటి దక్షిణాపథంలో, గోదావరీ తీరాన సంభవించినట్లు ఒక ప్రాచీన గ్రంథం చెబుతున్నది. ఆ కథలోని గురువు త్రివేదపారంగతుడైన బ్రాహ్మణుడు. శిష్యులు జటాజినధారులైన తాపసులు. వారి వృత్తాంతాన్ని భద్రపరచినది మాత్రం బౌద్ధ వాఙ్మయం. పాలిభాషలోని సుత్తనిపాతంలో అయిదవదీ చివరిదీ అయిన పారాయణవర్గం ఈ గురుశిష్యుల చరిత్ర. తెలుగునేలకు సంబంధించిన తత్త్వజిజ్ఞాసా వృత్తాంతాలలో ఇంత ప్రాచీనమైనవి అరుదు.

అశ్మకదేశం

కామారెడ్డి జిల్లా పడమటి అంచున, బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లో డోంగ్లి ఉన్నది. తెలుగు, మరాఠీ, కన్నడం కలిసి వినిపించే నల్లరేగడి నేల అది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీరానది ఈ ప్రాంతం మీదుగా ఉత్తరాభిముఖంగా ప్రవహించి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో సంగమిస్తుంది. డోంగ్లికీ ఆ సంగమానికీ నడుమ బోధన్ పట్టణం ఉన్నది. ప్రాచీన అశ్మక జనపదానికి రాజధానిగా పేర్కొనబడిన పోతన లేదా పోతలి నగరం ఈ బోధనేనని చరిత్రకారులలో అనేకుల నిర్ణయం. దీఘనికాయంలోని మహాగోవింద సుత్తం పోతనను అశ్మకుల నగరంగా చెబుతుంది. పాణిని అష్టాధ్యాయిలోనూ అశ్మక శబ్దం కనిపిస్తుంది. అంగుత్తరనికాయం లెక్కించిన పదహారు మహాజనపదాలలో దక్షిణాపథానికి చెందినది ఇది ఒక్కటే.

కోసలదేశపు సుందరనగరం నుండి బావరి అనే బ్రాహ్మణుడు ఈ దేశానికి వచ్చాడు. ఆకించన్యాన్ని, అనగా ఏదీ తనదిగా ఉంచుకోని స్థితిని కోరి వచ్చాడని పారాయణవర్గపు ఉపోద్ఘాత గాథలు చెబుతాయి. అశ్మక, అళక దేశాల పొరుగున, గోదావరీ తీరాన, ఉంఛవృత్తితోను, ఫలాహారంతోను ఆయన జీవించాడు. ఆ ఆశ్రమం ఎక్కడ ఉండేదన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తియే ఆ స్థలమని తెలుగు పరిశోధకులలో కొందరి వాదం. అళకదేశపు ప్రతిష్ఠానం, అనగా నేటి పైఠణ్, శిష్యుల యాత్రలో మొదటి మజిలీగా పేర్కొనబడినందున ఆశ్రమం మరికొంత పడమరగా ఉండవచ్చునని మరికొందరి వాదం. ఏ వాదాన్ని స్వీకరించినా, మంజీరా గోదావరుల నడిమి సీమ ఈ కథకు నేపథ్యమన్నది నిశ్చయం.

యాచకుడు, శాపం

ఆశ్రమానికి సమీపంలో ఒక పెద్ద గ్రామం ఉండేది. దాని ఆదాయంతో బావరి మహాయజ్ఞం చేశాడు. ఉన్నదంతా దానం చేసి మరల ఆశ్రమంలో ప్రవేశించాడు. అప్పుడు మరొక బ్రాహ్మణుడు వచ్చాడు. పాదాలు పగిలి, పళ్లు గారపట్టి, తలపై దుమ్ము పేరుకుని ఉన్న ఆ అతిథి అయిదువందలు యాచించాడు. బావరి ఆయనకు ఆసనమిచ్చి, కుశలమడిగి, తన వద్ద ఉన్నది సర్వమూ ఇచ్చివేశానని, మన్నింపుమని వేడుకున్నాడు. యాచకుడు శాంతించలేదు. తాను అడిగినది ఇవ్వకపోతే ఏడవ దినాన బావరి శిరస్సు ఏడు వ్రక్కలగునని శపించి వెళ్లిపోయాడు.

మూర్ధపాతం ఉపనిషత్పాఠకులకు కొత్త విషయం కాదు. బృహదారణ్యకం తృతీయాధ్యాయంలో, జనకుని యజ్ఞశాలలో, అతిప్రశ్న చేయవద్దని, చేస్తే శిరస్సు పడిపోగలదని యాజ్ఞవల్క్యుడు గార్గిని హెచ్చరించాడు. అదే సభలో ఔపనిషద పురుషుని గురించి అడిగిన ప్రశ్నకు బదులు చెప్పలేక శాకల్యుని శిరస్సు పడిపోయింది. తెలియనిదాన్ని తెలిసినట్లు పలికేవానికి, అర్హతను మించి వాదించేవానికి సంభవించే విపత్తుగా ఆ కాలపు విద్వత్సభలు మూర్ధపాతాన్ని భావించాయి. బావరి ఆ సంప్రదాయంలో పెరిగినవాడు కనుకనే ఆ మాట ఆయనను అంతగా కలవరపెట్టింది. ఆహారం మానివేసి కృశించాడు. ధ్యానంలో ఆయన మనస్సు నిలువలేదు.

విచారింపదగిన సంగతి ఇది. బావరి యజ్ఞం చేసినవాడు, సర్వస్వదానం చేసినవాడు, మూడు వేదాలకు అధికారి, వయోవృద్ధుడు. అయినా ఒక అపరిచితుని కోపవాక్యం ఆయన శాంతిని హరించింది. యజ్ఞదానాల వల్ల కలిగిన పుణ్యం, అధ్యయనం వల్ల కలిగిన పాండిత్యం మృత్యుభయం ముందు నిలువలేదు. ఆకించన్యం కోరి వచ్చినవానికి ధనాన్ని విడవడం సాధ్యమైంది గాని, ప్రాణంపై మమకారాన్ని విడవడం సాధ్యం కాలేదు.

మూడుసార్లు వినిపించిన ‘తెలియదు’

అప్పుడు ఆయన హితం కోరిన ఒక దేవత ప్రత్యక్షమై చెప్పిన మాట ఈ కథకు ఆయువుపట్టు. శపించినవాడు ధనాశాపరుడైన కపటి అని, మూర్ధమంటే ఏమిటో, మూర్ధపాతమంటే ఏమిటో వానికి తెలియదని ఆమె వెల్లడించింది. అయితే నీకు తెలుసునా, తెలిస్తే చెప్పుమని బావరి ప్రార్థించాడు. తనకూ తెలియదని, అది జినుల జ్ఞానానికి మాత్రమే గోచరమని దేవత బదులిచ్చింది. శపించినవానికి తెలియదు. శాపానికి భయపడినవానికి తెలియదు. ఆదుకొనవచ్చిన దేవతకూ తెలియదు.

ఈ మూడు అజ్ఞానాలూ ఒక తీరుగా లేవు. యాచకుడు తన అజ్ఞానాన్ని ఆయుధంగా ప్రయోగించాడు. దేవత దాన్ని నిస్సంకోచంగా అంగీకరించి, తెలిసినవాని వైపు దారి చూపింది. బావరి దాన్ని ప్రశ్నగా మార్చుకున్నాడు. అంతవరకు తన తల ఏమవుతుందోనని వణికినవాడు, అసలు తల అంటే ఏమిటని అడిగాడు. భయంలో తాను, తన శరీరం, తన ఏడు దినాలు మాత్రమే ఉన్నాయి. ప్రశ్నలో తత్త్వం ఉన్నది. శ్రావస్తిలో శాక్యపుత్రుడైన బుద్ధుడు ఉన్నాడని, ఆయనే మూర్ధాన్ని, మూర్ధపాతాన్ని ఎరిగినవాడని దేవత చెప్పగానే బావరి శోకం సన్నగిల్లి, హృదయంలో ఆనందం కలిగిందని గాథలు వర్ణిస్తాయి. సమాధానం ఇంకా లభించలేదు. ప్రశ్న సరియైన రూపం ధరించినంత మాత్రాననే శోకం తగ్గింది. ఆ ఏడవ దినం ఎలా గడిచిందన్న ప్రసక్తి ఉపోద్ఘాతంలో మరల రాదు. గోదావరి నుండి మగధకు ఏడు దినాలలో చేరడం సాధ్యమూ కాదు. భయానికి విధించిన గడువు జిజ్ఞాసకు వర్తించలేదని దీని భావంగా గ్రహింపవచ్చు.

ప్రశ్నోపనిషత్తులో దీనికి సన్నిహితమైన ఘట్టం ఒకటి ఉన్నది. కోసల రాజపుత్రుడైన హిరణ్యనాభుడు వచ్చి షోడశకళా పురుషుని గురించి అడిగినప్పుడు, సుకేశ భారద్వాజుడు తనకు తెలియదని స్పష్టంగా చెప్పాడు. అసత్యం పలికినవాడు సమూలంగా ఎండిపోతాడని ఆయన నమ్మకం. ఆ ప్రశ్ననే పట్టుకుని పిప్పలాదుని ఆశ్రయించాడు. పిప్పలాదుడు సైతం ఆరుగురు జిజ్ఞాసువులతో, ఒక సంవత్సరం తపోబ్రహ్మచర్యాలతో ఉండండి, పిదప అడగండి, తెలిసియుంటే చెబుతానని అన్నాడు. తెలియదని పలుకగల సత్యనిష్ఠ ఈ దేశపు తత్త్వవిద్యకు ప్రవేశద్వారమని ఈ రెండు కథలూ చాటుతున్నాయి.

అశ్మకం నుండి పాషాణక చైత్యానికి

వార్ధక్యం వల్ల బావరి స్వయంగా వెళ్లలేదు. పదహారుగురు శిష్యులను పిలిచి పంపాడు. అజితుడు, తిస్స మెత్తేయ్యుడు, పుణ్ణకుడు, మెత్తగువు, ధోతకుడు, ఉపసీవుడు, నందుడు, హేమకుడు, తోదేయ్యుడు, కప్పుడు, జతుకణ్ణి, భద్రావుధుడు, ఉదయుడు, పోసాలుడు, మోఘరాజు, పింగియుడు అని వారి పేర్లు. వీరు బాలవిద్యార్థులు కారు. ప్రత్యేక శిష్యగణాలు కలవారు, లోకప్రసిద్ధులు, ధ్యానపరులు. ఇంతటివారు ఒక ప్రశ్న కోసం మరల విద్యార్థులయ్యారు.

గురువు వారికి పరీక్షావిధానం కూడా నేర్పాడు. మంత్రశాస్త్రాలలో చెప్పబడిన మహాపురుష లక్షణాలను పరిశీలించాలి. తన వయస్సు, గోత్రం, శరీరచిహ్నాలు, మంత్రపాండిత్యం, శిష్యసంఖ్య, మూర్ధం, మూర్ధపాతం గురించి మనస్సులోనే ప్రశ్నించాలి. అడ్డులేని దర్శనం కలవాడైతే మనస్సులోని ప్రశ్నకు వాక్కుతో బదులిస్తాడు. శ్రద్ధ ఉన్నంత మాత్రాన పరీక్షను విడిచిపెట్టనక్కరలేదని ఆ వృద్ధగురువు అభిప్రాయం.

వారి మార్గాన్ని గాథలు ఒక్కొక్క మజిలీగా పేర్కొంటాయి. ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, గోనర్దం, విదిశ, వనసాహ్వయం, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, అక్కడి నుండి శ్వేతవ్య, కపిలవస్తు, కుశీనగరం, పావా, భోగనగరం, వైశాలి, చివరకు మగధలోని పాషాణక చైత్యం. దక్షిణాపథాన్ని ఉత్తరాపథంతో కలిపిన ప్రాచీన రహదారికి ఈ పట్టిక విలువైన సాక్ష్యమని చరిత్రకారులు భావిస్తారు. అశ్మమన్నా పాషాణమన్నా రాయి అనే అర్థం. రాతిసీమ నుండి బయలుదేరినవారు రాతిచైత్యం వద్ద గమ్యం చేరారు. దప్పిగొన్నవాడు చల్లని నీటికోసం త్వరపడినట్లు వారు ఆ కొండను ఎక్కారట.

అజితుడు మనస్సులోనే ప్రశ్నించాడు. బావరి వయస్సు నూట ఇరువది ఏండ్లని, మూడు వేదాలలో పారంగతుడని, అయిదువందల మందికి బోధించేవాడని సమాధానం వచ్చింది. మూర్ధాన్ని గురించిన ప్రశ్నకు వచ్చిన సమాధానపు సారం ఇది: అవిద్యయే మూర్ధం. శ్రద్ధ, స్మృతి, సమాధి, ఛందం, వీర్యం తోడుగా గల విద్యయే మూర్ధాన్ని పడగొట్టేది. ఇక్కడ ఛందమంటే సాధించాలన్న తీవ్రసంకల్పం. వీర్యమంటే ఎడతెగని సాధనోత్సాహం.

బావరి దేనికి భయపడ్డాడో అదే ఆయనకు పరమప్రయోజనమని ఈ సమాధానం తేల్చింది. పడవలసిన తల ఒకటి ఉన్నది, అది అవిద్య. అది పడినవాడు ధన్యుడు. ముండకోపనిషత్తు హృదయగ్రంథి భేదాన్ని వర్ణించిన సందర్భాన్ని ఎరిగిన వేదాంతవిద్యార్థికి ఈ భావం పరిచితంగా తోస్తుంది. శాపం అనే పదం మారలేదు, పడే తల మాత్రం మారింది. అజితుడు అజినాన్ని ఒక భుజంపై వేసుకుని, శిరస్సు వంచి నమస్కరించాడని గాథ. పిమ్మట బావరికీ మీకూ ఉన్న సంశయాలన్నిటినీ అడగండని బుద్ధుడు పదహారుగురికీ అవకాశమిచ్చాడు.

ప్రశ్నలు

ఈ ప్రశ్నోత్తర భాగం ఉపోద్ఘాతం కంటే ప్రాచీనమని పండితుల అభిప్రాయం. ప్రశ్నలకు వ్యాఖ్య అయిన చుల్లనిద్దేసం ఉపోద్ఘాత గాథలను వ్యాఖ్యానించకపోవడం అందుకు ఒక ముఖ్యహేతువు. పారాయణంలోని ప్రశ్నలను అంగుత్తరనికాయంలోని సుత్తాలు పేరుపెట్టి ఉదాహరిస్తాయి. నందమాత అనే ఉపాసిక వేకువజామున లేచి పారాయణాన్ని స్వరయుక్తంగా పఠించేదని కూడా ఆ నికాయం చెబుతుంది. గోదావరీ తీరపు శిష్యుల ప్రశ్నలు అంత త్వరగా నిత్యపారాయణ గ్రంథమయ్యాయి.

అజితుడు లోకం దేనిచేత కప్పబడి ఉన్నదని అడిగాడు. అవిద్యచేత అని సమాధానం. పుణ్ణకుని ప్రశ్న మరింత సూటిగా గురువు ఇంటికే తగిలింది. ఋషులు, క్షత్రియులు, బ్రాహ్మణులు దేవతలనుద్దేశించి ఇన్ని యజ్ఞాలు చేశారే, వారు జన్మజరలను దాటారా అని అతడు అడిగాడు. ఫలాపేక్షతో, భవరాగంతో చేసినవారు దాటలేదని బదులు వచ్చింది. అప్పుడే మహాయజ్ఞం ముగించిన గురువుకు శిష్యుడైన పుణ్ణకుడు ఈ ప్రశ్న వేయడానికి ఎంత ధైర్యం కావాలో ఊహింపదగును. సకామకర్మ ఫలం అనిత్యమని ముండకం, నిష్కామకర్మయే చిత్తశుద్ధికి సాధనమని గీత చేసిన విచారణకు పుణ్ణకుని సంశయం దూరమైనది కాదు.

ధోతకుడు భక్తిభావంతో, నన్ను సంశయాల నుండి విడిపింపుమని వేడుకున్నాడు. ఈ లోకంలో సంశయగ్రస్తుడైన ఎవరినీ నేను విడిపించలేను, శ్రేష్ఠధర్మాన్ని నీవే ఎరిగి ఈ ప్రవాహాన్ని దాటుతావని వచ్చిన సమాధానం ప్రతి సాధకుడూ మననం చేయదగినది. గురువు చూపగలడు, నడువవలసినవాడు శిష్యుడే. ఆలంబనం లేకుండా ఒంటరిగా ఈ మహౌఘాన్ని దాటలేను, ఒక ఆలంబనం చెప్పుమని ఉపసీవుడు అడిగాడు. అతనికి నిరాలంబం ఉపదేశింపబడలేదు. ధ్యానానికి తగిన ఆలంబనమే చెప్పబడింది. అధికారిభేదాన్ని అనుసరించి ఉపదేశం మారడం ఇక్కడ గమనింపదగినది.

మోఘరాజు ప్రశ్న వద్ద మాత్రం దారులు చీలుతాయి. మృత్యురాజు కంటపడకుండా లోకాన్ని ఎలా చూడాలని అతడు అడిగాడు. ఆత్మానుదృష్టిని తొలగించి, లోకాన్ని శూన్యంగా చూడుమని సమాధానం. ఉపనిషత్తు ఇదే మృత్యుప్రశ్నకు ఆత్మను ఎరుగుమని బదులు చెబుతుంది. నచికేతునికి యముడు ఉపదేశించినది ఆ ఆత్మతత్త్వమే. ఈ రెండు సమాధానాలు ఒకటేనని చెప్పడం రెండిటికీ అన్యాయం. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యం తర్కపాదంలో బౌద్ధమతాలను నిరాకరించారు. నైయాయికులకూ బౌద్ధులకూ నడిచిన వాదం శతాబ్దాల పాటు సాగింది. సిద్ధాంతాలు వేరైనా ప్రశ్న ఉభయులకూ ఉమ్మడి సొత్తు. నచికేతుడు అడిగినదీ, మోఘరాజు అడిగినదీ మృత్యువు గురించే. ఒక మార్గపు సమాధానాన్ని స్వీకరించినవాడు సైతం రెండవ మార్గపు ప్రశ్నను గౌరవించవలసి ఉన్నది.

పింగియుడు తిరిగివచ్చుట

పదహారవవాడు పింగియుడు. తాను ముదుసలినని, బలహీనుడనని, కన్నులు సరిగా కనబడవని, చెవులు సరిగా వినబడవని, మోహంలోనే నశింపకుండా జన్మజరలను విడిచే ధర్మం చెప్పుమని ప్రార్థించాడు. తత్త్వవిద్యకు వయోనియమం లేదనడానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

గోదావరీ తీరానికి మరలివచ్చి గురువుకు సంగతులన్నీ విన్నవించినవాడు పింగియుడే. తాను చూచినదాన్ని, విన్నదాన్ని ఉత్సాహంతో పాడి వినిపించాడు. అంతటి గురువు లభిస్తే ఆయనను విడిచి ఎందుకు వచ్చావన్న ప్రశ్న ఎదురైంది. ఒక్క ముహూర్తమైనా తాను ఆయనకు దూరంగా లేనని, శరీరం జీర్ణమై వెళ్లలేకున్నా మనస్సు అక్కడే కూడియున్నదని, కన్నులతో చూచినట్లే మనస్సుతో రాత్రింబవళ్లు చూస్తున్నానని అతడు బదులిచ్చాడు. సమాధానాలన్నీ తర్కంతో నిండిన ఈ గ్రంథం చివరకు శ్రద్ధాగానంతో ముగియడం భక్తులకు ఆనందం కలిగించే విషయం. జిజ్ఞాస పరిపక్వమైనచోట శ్రద్ధ దానికి విరోధి కాదు.

ఆ సన్నివేశాన్ని భావించి చూస్తే మరొక సత్యం స్ఫురిస్తుంది. నూట ఇరువది ఏండ్ల గురువు, తాను పంపిన శిష్యుని ఎదుట శ్రోతగా ఉన్నాడు. అయిదువందల మందికి మంత్రాలు నేర్పినవాడు తన మూర్ధమేమిటో శిష్యుని నోట విన్నాడు. పదహారుగురు శిష్యుల కథగా కనబడే ఈ వృత్తాంతంలో మొదటి విద్యార్థి బావరియే. తెలియదని పలికిన దినాననే ఆయనకు తత్త్వవిద్యలో అక్షరాభ్యాసం జరిగింది.

గోదావరి ఒడ్డునే ఉన్న బాసర జ్ఞానసరస్వతీ సన్నిధిలో నేటికీ వేలాది పసిపిల్లల చేత తొలి అక్షరాలు దిద్దిస్తారు. మంజీరా తీరపు పల్లెల నుండి కూడా తల్లిదండ్రులు బిడ్డలను అక్కడికి తీసుకువెళతారు. ఆ అక్షరాభ్యాసం ఒక ముహూర్తంలో ముగుస్తుంది. దానికి ఫలమైన రెండవ అక్షరాభ్యాసానికి పంచాంగం ముహూర్తం చెప్పదు. తన విద్య ఎక్కడ ఆగిపోయిందో గుర్తించి, సిగ్గుపడక తెలియదని ఒప్పుకుని, తెలిసినవారి వైపు అడుగువేసిన నాడే సాధకునికి అది లభిస్తుంది. ఆ అడుగు వేయడానికి నూట ఇరువది ఏండ్ల వయస్సు సైతం ఆలస్యం కాదని బావరి జీవితం సాక్ష్యమిస్తున్నది.